‘స్పానిష్’ గడిలో టిక్కు: ఒక లాటినో ఆరోగ్య సమాచార అధ్యయనం, కేస్ స్టడీ

ఈ కేసులో క్లినిక్, కౌంటీ, మనుషులు ఎవరో తెలియకుండా పంటల పేర్లు, అంకెలు, జరిగిన క్రమం కొంత మార్చాను. ఏ మలుపులో ఏం నిర్ణయించామో, ఎందుకు నిర్ణయించామో మాత్రం అలాగే ఉంచాను. సర్వే, ఆరోగ్య ప్రచారం, అనువాదం చేసేవాళ్లకి ఉపయోగపడాలని రాస్తున్నాను.

నేపథ్యం

కాలిఫోర్నియాలో పండ్ల తోటలు, కూరగాయల పొలాలు ఎక్కువగా ఉన్న ఒక కౌంటీ. అక్కడి ప్రజారోగ్య క్లినిక్‌లో హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు రక్తచక్కెర) పరీక్ష చేయించుకుని 5.7 నుంచి 6.4 శాతం మధ్య వచ్చినవాళ్లకి, అంటే షుగర్ జబ్బుకి ముందు దశ, ప్రీడయాబెటిస్, ఉన్నవాళ్లకి, మళ్లీ రమ్మని కబురు పెడతారు. ఇంగ్లిష్‌లో కబురు అందుకున్నవాళ్లు వస్తున్నారు. స్పానిష్‌లో అందుకున్నవాళ్లలో చాలామంది రావడం లేదు. ‘లాటినో సంస్కృతికి తగ్గట్టు సందేశం మార్చి, అది పనిచేస్తుందో లేదో సర్వేతో తేల్చండి’ అన్నది మాకు అప్పగించిన పని.

చిక్కు ఆ వాక్యంలోనే ఉందని తర్వాత తెలిసింది. ‘లాటినో సంస్కృతి’ అని ఏకవచనంలో అన్నారు, మేమూ అభ్యంతరం చెప్పలేదు. నిజానికి లాటిన్ అమెరికా మూలాలున్న అందరినీ ఒకటిగా చూపే ఈ ‘లాటినో’ గంప అమెరికా లెక్కల్లో ఎలా తయారైందో ఈ రంగంలో అందరికీ తెలుసు. స్పానిష్ మూలాలున్నవాళ్ల గణాంకాలు సేకరించాలని 1976లో కాంగ్రెస్ చట్టం చేసింది. 1977లో ఫెడరల్ బడ్జెట్ కార్యాలయం ‘హిస్పానిక్’ అనే వర్గాన్ని ఖాయం చేసింది. 1980 జనాభా లెక్కల్లో ఆ ప్రశ్న అందరినీ అడిగారు. 1997లో ‘హిస్పానిక్ లేదా లాటినో’ అయింది. 2020 నాటికి ఆ గంపలో 6.21 కోట్ల మంది ఉన్నారు. మయామీలో మూడు తరాలుగా ఉన్న క్యూబా కుటుంబం, న్యూయార్క్‌లో పుట్టుకతోనే అమెరికా పౌరుడైన ప్యూర్టో రికో మనిషి, మెక్సికోలోని వహాకా కొండల నుంచి నిరుడు వచ్చిన కూలీ, ముగ్గురూ అందులోనే.

తెలుగువాళ్లకి ఇది కొత్త సంగతి కాదు. ‘ఏషియన్ ఇండియన్’ గడి కూడా 1980 లెక్కల్లోనే వచ్చింది. ఆ ఒక్క మాట చూసి గుంటూరు నుంచి వచ్చిన అమ్మమ్మకి హిందీ దుబాసీని కేటాయిస్తే ఏమవుతుందో ఊహించుకోండి. ఆవిడ మర్యాదకి అన్నిటికీ తలూపుతుంది.

ఎదురైన సమస్య

మొదటి విడతలో 28 ప్రశ్నలతో 60 ఫారాలు చేశాం. ఒక్కోదానికి ఇరవై నిమిషాలని అంచనా. ఫారాలు తిరిగొచ్చాక నాలుగు విషయాలు అనుమానం కలిగించాయి.

దాదాపు అందరూ అన్నిటికీ ‘ఒప్పుకుంటాను’ అన్నారు. ‘షుగర్ రాకుండా చూసుకోవడం నా చేతిలో ఉంది’ అన్నదానికీ ఒప్పుకున్నారు, ‘షుగర్ వచ్చేదుంటే వస్తుంది, నా చేతిలో ఏమీ లేదు’ అన్నదానికీ ఒప్పుకున్నారు. ‘మీ ఆరోగ్యం ఎలా ఉంది?’ అంటే చాలామంది కింది నుంచి రెండో మెట్టు మీదే ఆగారు. ‘మీ జాతి ఏది?’ అన్న గడి ఖాళీగా వదిలేశారు, లేదా ‘ఇతర’ మీద టిక్కు పెట్టి పక్కన ‘మెహికానో’ (మెక్సికన్) అని రాశారు. నాలుగోది సమయం. కొందరికి అనుకున్నట్టే ఇరవై నిమిషాలు పట్టింది, కొందరికి యాభై. భాష గడిలో మాత్రం అందరికీ ‘స్పానిష్’ అనే ఉంది.

మొదటి సమీక్షలో వచ్చిన వివరణ ‘ఫతలిస్మో’, అంటే అంతా దైవాధీనం అనుకునే స్వభావం. లాటినో ఆరోగ్య పరిశోధనల్లో ఈ మాట చాలాకాలంగా తిరుగుతోంది. చేతికి అందుబాటులో ఉండే వివరణ అది, అందుకే ప్రమాదం. దాన్ని ఒప్పుకుంటే తప్పంతా జవాబు చెప్పినవాళ్ల మీదకి పోతుంది, ప్రశ్నని ఎవరూ తిరిగి చూడరు. పైగా నిజంగా దైవాధీనం అనుకునేవాళ్లైతే రెండు వాక్యాల్లో ఒకదానికి ‘కాదు’ అనాలి కదా. వీళ్లు రెంటికీ ‘అవును’ అన్నారు. ఆ జవాబు నమ్మకానికి గుర్తు కాదు. మర్యాదకైనా గుర్తు అయ్యుండాలి, అర్థం కాకపోవడానికైనా.

ప్రయత్నించినవి, పనిచేయనివి

ముందు అనువాదాన్ని అనుమానించి, స్పానిష్ ప్రశ్నలని మరొకరితో తిరిగి ఇంగ్లిష్‌లోకి చేయించాం. శుభ్రంగా వచ్చాయి. ఈ పద్ధతితో ఉన్న ఇబ్బంది ఇక్కడే. రెండు వైపులా చేసేది చదువుకున్న ద్విభాషులు, వాళ్లకి ఇంగ్లిష్ మూలం ఎలా ఉంటుందో ముందే తెలుసు. ఆరోగ్యం ప్రశ్నకి ఇంగ్లిష్‌లో ఐదు మెట్లు: ఎక్సలెంట్, వెరీ గుడ్, గుడ్, ఫెయిర్, పూర్. స్పానిష్‌లో నాలుగోదాన్ని ‘రెగులార్’ అంటారు. తిప్పి అనువదిస్తే ‘రెగులార్’ మళ్లీ ‘ఫెయిర్’ అవుతుంది, తప్పేమీ కనిపించదు. కానీ మాట్లాడుకునే స్పానిష్‌లో ‘రెగులార్’ అంటే అటూ ఇటూ కాకుండా, మామూలుగా ఉండటం. తెలుగులో ‘ఫెయిర్’కి ‘పర్వాలేదు’ అని పెట్టి చూడండి. రోజూ పనికి పోతూ, మోకాలు నొప్పి తప్ప ఇబ్బంది లేని మనిషి ఏ మెట్టు ఎంచుకుంటాడు? ‘పర్వాలేదు’ అనేస్తాడు. లెక్కల్లో మాత్రం అతను ‘ఆరోగ్యం బాగోలేదు’ అన్న వరసలో పడతాడు. స్పానిష్‌లో జవాబిచ్చిన లాటినోలు తమ ఆరోగ్యాన్ని తక్కువగా చెప్పుకుంటున్నట్టు సర్వేల్లో కనిపించడానికి ఈ ఒక్క మాట కొంత కారణమని ఈ రంగంలో చర్చ జరిగింది. ఆ సంగతి తెలిసి కూడా పాత ఫారం నుంచి ఆ మెట్లు అలాగే తెచ్చి పెట్టుకున్నాం.

రెండో ప్రయత్నం సందేశాన్నే మార్చడం. లాటినోలకి కుటుంబం ప్రాణం, దాన్ని ‘ఫమిలిస్మో’ అంటారు కాబట్టి, భోజనాల బల్ల చుట్టూ మూడు తరాలు కూర్చున్న ఫొటో వేసి, కింద ‘ఆస్లో పోర్ తు ఫమీలియా’, నీ కుటుంబం కోసం చెయ్యి, అని రాసిన కరపత్రం తయారుచేశాం. అది రెండు చోట్ల తప్పింది. చదివినవాళ్లలో చాలామంది నలుగురైదుగురు కలిసి అద్దె గదిలో ఉంటున్నారు, భార్యాపిల్లలు సరిహద్దుకి అవతల ఉన్నారు. ఆ ఫొటో వాళ్లని ఉత్సాహపరచలేదు, ఎక్కడో గుచ్చుకుంది. రెండో తప్పు ‘తు’. స్పానిష్‌లో పెద్దవాళ్లని, కొత్తవాళ్లని ‘ఉస్తెద్’ అంటారు, చనువున్నవాళ్లని ‘తు’ అంటారు. యాభై ఐదేళ్ల మనిషికి ముక్కూమొహం తెలియని ఆఫీసు ‘నువ్వు చెయ్యి’ అని కాగితం పంపింది. ఈ తేడా తెలుగువాళ్లకి విడమరిచి చెప్పక్కర్లేదు. ఇంగ్లిష్ నుంచి అనువదించినవాళ్లకి మాత్రం తట్టలేదు, ఎందుకంటే మూలంలో రెండిటికీ ‘యూ’ ఒక్కటే.

మూడోది సంస్కృతిని కొలవబోవడం. కొత్త దేశంలో ఎంత కలిసిపోయారో చెప్పే 12 ప్రశ్నల కొలమానం ఒకటుంది. 1987 నుంచి లాటినో పరిశోధనల్లో వాడుతున్నారు. ప్రధానంగా ఇంట్లో, స్నేహితులతో, టీవీలో ఏ భాష అని అడుగుతుంది. 1 అంటే కేవలం స్పానిష్, 5 అంటే కేవలం ఇంగ్లిష్. సగటు తీస్తే మనిషికొక అంకె వస్తుంది. మా ఫారాల్లో ఇరవై నిమిషాల్లో ముగించినవాళ్లకీ 1 దగ్గరే వచ్చింది, యాభై నిమిషాలు పట్టినవాళ్లకీ 1 దగ్గరే వచ్చింది. ఆ గీతకి రెండే కొసలు, మూడో భాషకి చోటు లేదు.

అసలు విషయం అలా బయటపడింది. యాభై నిమిషాలు పట్టినవాళ్లలో చాలామంది మాతృభాష మిస్తెకో.

మిస్తెకో గురించి కొంచెం

మెక్సికోలో వహాకా, గెర్రెరో, పుయెబ్లా రాష్ట్రాల్లో మాట్లాడే మూలవాసుల భాష ఇది. స్పానిష్‌తో చుట్టరికం ఏమాత్రం లేదు. స్వర స్థాయి మారితే అర్థం మారిపోయే భాష. మాట్లాడేవాళ్లు దీన్ని ‘తూన్ సావి’, వాన మాట, అంటారు. మెక్సికో ప్రభుత్వ భాషా సంస్థ 2008 జాబితాలో మిస్తెకోకి 81 రకాలు చూపించింది. పక్క లోయ మాట అర్థం కానంత తేడా ఉన్నవి చాలా ఉన్నాయి. సాన్ మార్తిన్ పెరాస్ మనిషికి, సాన్ హువాన్ మిస్తెపెక్ మనిషికి ఒకే దుబాసీ సరిపోతాడని అనుకోకూడదు.

మరి వాళ్లు ‘స్పానిష్’ అని ఎందుకు చెప్పారు? సంత, బడి, ఫోర్‌మన్ దగ్గర నెట్టుకొచ్చేంత స్పానిష్ చాలామందికి వస్తుంది కాబట్టి అది అబద్ధం కాదు. దానికి తోడు చిన్నచూపు ఉంది. మెక్సికన్‌లలోనే కొందరు వీళ్లని ‘వహాకీతా’ (బుల్లి వహాకావాడు), ‘ఇందీతో’ (బుల్లి ఇండియన్) అని ఎగతాళి చేస్తారు. 2012లో కాలిఫోర్నియాలోని ఆక్స్‌నార్డ్ బడుల్లో ఆ మాటలు వాడొద్దని తీర్మానం చేయించేదాకా వెళ్లింది ఆ బాధ. మా సర్వే అడిగినవాళ్లు చక్కటి స్పానిష్ మాట్లాడే పట్నవాసులు. వాళ్ల ముందు ‘మీరు మిస్తెకో మాట్లాడతారా?’ అంటే ‘లేదు’ అనడమే క్షేమం.

పనిచేసినవి

భాష గడి తీసేసి మూడు ప్రశ్నలు పెట్టాం. మీది ఏ ఊరు? ఆ ఊళ్లో మీ ఇంట్లో పెద్దవాళ్లు ఏ మాట మాట్లాడేవాళ్లు? ఒంట్లో బాగోనప్పుడు డాక్టరు మాట ఏ భాషలో వింటే మీకు సుళువు? ఈ వరస ముఖ్యం. ఊరి పేరు గర్వంగా చెప్తారు, దానికి సిగ్గు లేదు. రెండోది పెద్దవాళ్ల గురించి కాబట్టి తన మీద పెట్టుకోవాల్సిన పనిలేదు. ఆ రెండూ చెప్పాక మూడోది ఒప్పుకోలులా ఉండదు, మామూలు ఇష్టంలా ఉంటుంది. వరస తిరగేస్తే మళ్లీ ‘స్పానిష్’ అన్నారు.

ఏ రకం మిస్తెకోనో తేల్చడానికి ఇరవై సెకన్ల శబ్దపు ముక్కలు ఆరు తయారుచేశాం. మొదట ఆరోగ్యం గురించే రికార్డు చేసి పొరపాటు చేశాం. ‘డయాబెటెస్’, ‘క్లీనికా’ లాంటి మాటలు మిస్తెకోలోకి స్పానిష్ నుంచే వచ్చాయి, అవి చెవిన పడగానే అందరూ ‘అర్థమైంది’ అన్నారు. రెండోసారి మొక్కజొన్న పిండి రుబ్బడం, వాన రాకముందు చేసే పనుల మీద రికార్డు చేశాం. ‘అర్థమైందా?’ అని అడగడం మానేసి, ‘ఆవిడ ఏం చెప్పింది?’ అని తిరిగి చెప్పించుకున్నాం. చెప్పగలిగితేనే ఆ రకం అతనిదని రాసుకున్నాం.

ఇప్పుడు అన్నిటికీ ‘అవును’ అనడానికి కారణం మర్యాదా, అర్థం కాకపోవడమా తేల్చాలి. ఎదుటివాడిని నొప్పించకుండా సాఫీగా మాట్లాడే తీరుని ‘సింపతియా’ అనీ, పెద్దలకి, హోదాకి ఇచ్చే గౌరవాన్ని ‘రెస్పెతో’ అనీ అంటారు. ఇవి ఉత్త మాటలు కావు, జవాబుల మీద వీటి ప్రభావం ఉంటుంది. కానీ రెండు కారణాలకీ గణాంకం ఒకేలా కనిపిస్తుంది. అందుకే పైన చెప్పిన తిరగేసిన వాక్యాల జంటనే తీసుకుని, మిస్తెకోవాళ్లని వాళ్ల భాషలో, అవే ‘ఒప్పుకుంటాను, ఒప్పుకోను’ మెట్లతో మళ్లీ అడిగించాం. ఎక్కువమంది ఒకవైపు తేల్చి చెప్పారు. అంటే వాళ్ల విషయంలో అడ్డు ప్రధానంగా భాషే. స్పానిష్ మాతృభాషగా ఉన్నవాళ్లు మాత్రం మళ్లీ అడిగినా రెంటికీ ఒప్పుకున్నారు. వాళ్లకి మెట్లు తీసేసి, ‘కొందరు ఇలా అంటారు, ఇంకొందరు ఇలా అంటారు, మీకు ఏది దగ్గర?’ అని అడిగి, తర్వాత ‘బాగా దగ్గరా, కొంచెమా?’ అన్నాం. అప్పుడు జవాబులు విడిపోయాయి. ఎవరో కొందరు ఇప్పటికే అలా అంటున్నారని చెప్పాక కాదనడం అమర్యాద కాదు. ఒకే ఫారంలో ఒకేలా కనిపించిన లోపానికి రెండు గుంపుల్లో రెండు మందులు కావలసి వచ్చాయి. ఈ అధ్యయనంలో నాకు అన్నిటికన్నా విలువైన ఫలితం ఇదే.

స్పానిష్ ఫారాన్ని తిప్పి అనువదించే పద్ధతి వదిలి, బృందంతో అనువదించే పద్ధతికి మారాం. ఇద్దరు విడివిడిగా అనువదించారు, సమీక్షకుడు ఇద్దరితో కూర్చుని ప్రతి వాక్యం మీద వాదించాడు, తేలనివాటిని ఒకరు తీర్పు చెప్పి, కారణం రాసిపెట్టారు. ఆ గదిలో ఒక ప్రొమోతోరాని, అంటే బస్తీలో ఇంటింటికీ తిరిగే ఆరోగ్య కార్యకర్తని, కూర్చోబెట్టాం. ‘దియెతా’ అంటే పస్తులుండటం అనుకుంటారని ఆవిడే చెప్పింది. ‘ప్రీడయాబెటెస్’ అంటే ‘ఇంకా రాలేదు కదా’ అని ఊరట పడతారని కూడా. ఆ రెండు మాటలూ తీసేశాం. తర్వాత 12 మందితో ఒక్కొక్కరి దగ్గరా కూర్చుని, ప్రతి ప్రశ్నకీ ‘మీ మాటల్లో ఇది ఏం అడుగుతోంది?’ అని విన్నాం.

‘రెగులార్’ దగ్గర ఆగి ఆలోచించాల్సి వచ్చింది. ‘మాస్ ఓ మేనోస్’ (అటూ ఇటూగా) అని మారిస్తే జవాబు నిజానికి దగ్గరవుతుంది, కానీ క్లినిక్ పాత లెక్కలతో పోల్చలేం. సగం ఫారాల్లో పాత మాట, సగంలో కొత్త మాట, ఎవరికి ఏది అన్నది చీటీ వేసినట్టు పెట్టాం. రెండిటికీ ఎంత తేడా వస్తుందో తెలిశాక పాత లెక్కలని ఎలా చదవాలో క్లినిక్‌కి చెప్పగలిగాం.

గుర్తింపు ప్రశ్నని చివరికి జరిపి, ముందు ‘మిమ్మల్ని మీరు ఏమని చెప్పుకుంటారు?’ అని ఖాళీ గీత ఇచ్చాం. తర్వాతే గడులు, ఎన్నిటిమీదైనా టిక్కు పెట్టొచ్చు. జాతి గడి ఖాళీగా ఉండటం అజాగ్రత్త కాదు. 2010 లెక్కల్లో హిస్పానిక్‌లలో 53 శాతం తమని కేవలం ‘వైట్’ అని రాసుకున్నారు. ప్రశ్న, రాతని కోడ్ చేసే తీరు మారాక 2020లో అది 20.3 శాతానికి పడిపోయింది. పదేళ్లలో మనుషులు అంతగా మారరు, గడులు మారాయి. 2024 మార్చిలో ఫెడరల్ ప్రమాణం జాతి, హిస్పానిక్ మూలం రెండిటినీ ఒకే ప్రశ్నగా కలిపింది. అందులో ‘అమెరికన్ ఇండియన్’ నిర్వచనంలోకి మధ్య, దక్షిణ అమెరికా మూలవాసులు కూడా వస్తారు. మిస్తెకో మనిషి రెండు గడుల మీదా టిక్కు పెట్టుకోవచ్చు.

నిధులిచ్చినవాళ్లు కరపత్రంలో ‘లాటినెక్స్’ వాడమన్నారు, ‘లాటినో’కి ఆడా మగా తేడా లేని రూపం అది. ప్యూ పరిశోధన సంస్థ 2019 సర్వేలో హిస్పానిక్ పెద్దల్లో ఆ మాట వాడేది 3 శాతం, 2023లో 4 శాతం. ఎవరినీ వదిలిపెట్టకూడదన్న ఉద్దేశం మంచిదే. కానీ ఈ కరపత్రం చదివేవాళ్ల నోట పలకని మాటతో వాళ్లని పిలవలేం. చివరికి ఏ పేరూ పెట్టలేదు, ‘ఉస్తెద్’ అని సంబోధించాం, అంతే.

సందేశం

తిరిగి రాకపోవడానికి కారణాలు వాళ్ల భాషలో అడిగాక వరసగా వచ్చాయి. కోతల కాలంలో పెట్టెకింతని కూలీ, పూట పోతే డబ్బు పోతుంది. క్లినిక్ ఐదింటికి మూసేస్తారు. కాగితాలు అడుగుతారేమోనని భయం. ప్రభుత్వ సాయం తీసుకుంటే గ్రీన్‌కార్డుకి అడ్డమన్న నిబంధనని కఠినం చేసిన రూపం 2020 ఫిబ్రవరిలో అమల్లోకి వచ్చి 2021 మార్చిలో రద్దయింది. భయం మాత్రం రద్దు కాలేదు. ఈ మూడిటిలో సంస్కృతి అనదగ్గది ఒక్కటీ లేదు. క్లినిక్ వారానికి రెండు రోజులు సాయంత్రం తెరవడానికి ఒప్పుకున్నాకే సందేశం రాయడం మొదలుపెట్టాం. తెరవని తలుపు దగ్గరకి రమ్మని పిలవడానికి మాకు మనసొప్పలేదు.

సందేశం నలభై సెకన్ల వాయిస్ నోట్, రెండు రకాల మిస్తెకోలో, ఒకటి స్పానిష్‌లో. తమ భాషని చదవడం చాలామందికి అలవాటు లేదు, అందుకే కాగితం వద్దనుకున్నాం. గొంతు ఇచ్చేవాళ్ల చేతికి స్పానిష్ రాతప్రతి ఇస్తే వాళ్ల గొంతు బిగుసుకుపోయి స్వరాలు చదును అవుతున్నాయి. రాత తీసేసి ఆరు బొమ్మల కార్డులు ఇచ్చాం: మాట్లాడేది ఎవరు, ఏ ఊరు, పరీక్షలో ఏం కనిపించింది, ఏం చేయాలి, ఎప్పుడు తెరిచి ఉంటుంది, ఏ కాగితం అడగరు. ఆ వరసలో తన మాటల్లో చెప్పమన్నాం. ముందు విననివాళ్లు పదిమంది విని తిరిగి చెప్పాకే పంపాం.

పాత కరపత్రంలో ‘భయపడితే షుగర్ వస్తుందనేది మూఢనమ్మకం’ అనే వాక్యం ఉండేది. ‘సుస్తో’ అంటే ఒక్కసారిగా జడుసుకోవడం. దానివల్ల జబ్బులొస్తాయని అక్కడ చాలామంది నమ్మకం. మనవైపు జడుసుకున్న పిల్లాడికి తాయెత్తు కట్టించే ఇంట్లో ఆ వాక్యం చదివి వినిపిస్తే ఎలా ఉంటుందో అలాగే ఉంది. పరీక్షకి రావడానికి ఆ నమ్మకం అడ్డు కాదు కాబట్టి ఆ వాక్యం తీసేశాం. జబ్బు ఎలా మొదలైందో వాళ్లు చెప్తుంటే డాక్టర్లు వినాలని మాత్రం అడిగాం.

సాయంత్రం వేళలు, వాయిస్ నోట్ కలిసి మొదలయ్యాక తిరిగొచ్చేవాళ్లు పెరిగారు. రెండూ ఒకేసారి మొదలవడంతో దేని వాటా ఎంతో విడదీయలేం. నివేదికలో కూడా అలాగే రాశాం.

ఇలాంటి పనికి దిగేవాళ్లకి

ఎంత సమయం పట్టిందో ఫారాలు నింపించిన టాబ్లెట్ తనంతట తాను నమోదు చేసింది, మేం అడగలేదు. ఇప్పుడైతే ప్రతి పైలట్ (తొలి ప్రయోగ) సర్వేలో మొదట చూసేది అదే. ఒకే భాష గడిలో ఉన్నవాళ్ల మధ్య సమయం రెండింతల తేడా ఉంటే ఆ గడి అబద్ధం చెప్తోందని అనుమానించండి.

మిస్తెకోకి నేరుగా ఇంగ్లిష్ తెలిసిన దుబాసీలు అరుదు. ఇంగ్లిష్ నుంచి స్పానిష్‌కి ఒకరు, అక్కణ్నుంచి మిస్తెకోకి మరొకరు కావాలి. నలభై ఐదు నిమిషాల ఇంటర్వ్యూకి తొంభై నిమిషాలు రాసుకోండి, ఇద్దరికీ వృత్తి దుబాసీ రేటు లెక్కకట్టండి. వెంట వచ్చిన పన్నెండేళ్ల పిల్లతో అనువాదం చేయించకండి. అమెరికా ఆరోగ్య చట్టంలోని 1557 సెక్షన్ నిబంధనలు అత్యవసరంలో తప్ప దాన్ని ఒప్పుకోవు. చట్టం సంగతి పక్కన పెట్టినా, తల్లి కడుపునొప్పి గురించి కూతురి నోటితో అడిగించడం ఆ ఇద్దరికీ శిక్ష.

మూడో రకం మిస్తెకో మాట్లాడేవాళ్లు కొద్దిమంది మిగిలారు. వాళ్ల ఊళ్ల నుంచి గొంతు ఇచ్చేవాళ్లు మాకు దొరకలేదు, వాళ్లకి స్పానిష్ నోటే వెళ్లింది. పట్టికలో వాళ్లని స్పానిష్ వరసలో కలపమని ఒత్తిడి వచ్చింది, ఆ కొద్దిమందికి విడి వరస ఎందుకని. కలపలేదు. ‘సందేశం తన భాషలో అందనివారు’ అని వరసకి పేరు పెట్టి, సంఖ్య రాసి, మిగతా గడులు ఖాళీగా వదిలేశాం.